జీతంలో రాష్ట్రం వాటా: అమెరికా రాష్ట్రాల ఆదాయపు పన్ను చరిత్ర

అమెరికాలో ఉద్యోగి జీతం మీద రెండు ప్రభుత్వాలకు హక్కుంది. మొదటిది ఫెడరల్ ప్రభుత్వం. న్యూయార్క్‌లో ఉన్నా టెక్సాస్‌లో ఉన్నా దాని లెక్క ఒక్కటే. రెండోది రాష్ట్రం. 41 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ డీసీ జీతం మీద సొంతంగా ఆదాయపు పన్ను వేస్తాయి. టెక్సాస్, ఫ్లోరిడా, వాషింగ్టన్, నెవాడా, టెనెసీ, వయోమింగ్, సౌత్ డకోటా, న్యూ హాంప్‌షైర్, అలాస్కా మాత్రం జీతం జోలికి రావు. భారతదేశంలో ఈ సమస్యే లేదు. వ్యవసాయేతర ఆదాయం మీద పన్ను వేసే అధికారాన్ని రాజ్యాంగం కేంద్రానికే ఇచ్చింది. రాష్ట్రాలకు దక్కింది వృత్తి పన్ను. దానికీ 276వ అధికరణం ఏడాదికి 2,500 రూపాయల పరిమితి పెట్టింది. అందుకే హైదరాబాద్ నుంచి పుణెకు బదిలీ అయిన ఉద్యోగి పన్ను గురించి ఆలోచించడు, ఇంటి అద్దె గురించే ఆలోచిస్తాడు. టెక్సాస్‌లోని డాలస్ నుంచి కాలిఫోర్నియాలోని శాన్ హోసేకు మారే ఉద్యోగి రెండూ లెక్క వేసుకోవాలి. ఈ తేడాలు ఎవరో కూర్చుని గీసిన పథకం ప్రకారం వచ్చినవి కావు. కోర్టు తీర్పులు, చమురు బావులు, బడుల మీద దావాలు, ఓటర్ల కోపాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని వందేళ్లలో ఇలా తయారయ్యాయి.

ఆదాయానికి పన్ను కట్టాలన్న ఆలోచన వలస కాలం నుంచీ ఉంది. మసాచుసెట్స్ బే వలసలో 1646 నాటికే చేతిపనివాళ్లు, వర్తకుల మీద వాళ్ల సంపాదన సామర్థ్యాన్ని అంచనా వేసి పన్ను వేసేవారు. 1840లలో కాలువలకూ రైలు మార్గాలకూ తెచ్చిన అప్పులు మీదపడడంతో వర్జీనియా, నార్త్ కరోలినా వంటి కొన్ని రాష్ట్రాలు జీతాలు, వృత్తుల ఆదాయాల మీద చిన్న రేట్లు పెట్టాయి. అవేవీ నిలదొక్కుకోలేదు. పన్ను మదింపు చేసేది ఊళ్లో ఎన్నికైన అధికారి. అతనికి ఓటు వేసేది అతను పన్ను వేయాల్సిన ఇరుగుపొరుగువారే. ఎవరు ఎంత ఆదాయం చెబితే అంతే రాసుకునేవాడు, చాలామంది అసలేమీ చెప్పేవారు కాదు. ఈ రాష్ట్రాల అనుభవాన్ని పరిశీలించి 1903లో గ్రంథం రాసిన ఆర్థికవేత్త డీలోస్ కిన్స్‌మన్ వైఫల్యానికి ప్రధాన కారణం వసూలు యంత్రాంగమేనని తేల్చాడు. పన్నులోనే లోపం ఉందనడం కంటే ఇది పనికొచ్చే నిర్ధారణ.

ఆ నిర్ధారణను ఆచరణలో పెట్టింది విస్కాన్సిన్. 19వ శతాబ్దంలో రాష్ట్రాల ఖజానాకు ఆధారం ఆస్తి పన్ను. భూమి, ఇల్లు, పశువులు, సామాను, బాండ్లు అన్నీ అందులోకే వచ్చేవి. రైతు పొలమూ ఆవులూ అందరికీ కనబడతాయి. పట్నంలో షావుకారు పెట్టెలో దాచిన బాండ్లు ఎవరికీ కనబడవు. ఒకే చట్టం కింద రైతు పూర్తిగా కట్టేవాడు, బాండ్లవాడు తప్పించుకునేవాడు. ఈ అసంతృప్తితో 1908లో విస్కాన్సిన్ ఓటర్లు ఆదాయపు పన్నుకు వీలిచ్చే రాజ్యాంగ సవరణను ఆమోదించారు. గవర్నర్ ఫ్రాన్సిస్ మెక్‌గవర్న్ హయాంలో 1911లో చట్టం వచ్చింది. బిల్లు రూపకల్పనలో కిన్స్‌మన్‌ది కూడా చేయి ఉంది.

రేట్లు 1 శాతం నుంచి 6 శాతం దాకా. ఒంటరి వ్యక్తికి 800 డాలర్లు, దంపతులకు 1,200 డాలర్ల దాకా మినహాయింపు. అప్పటి కూలి రేట్ల లెక్కన మామూలు కార్మికుడికి పన్ను దాదాపు లేనట్టే. అసలు కొత్తదనం రేట్లలో లేదు. మదింపు అధికారులను ఎన్నుకోవడం మాని, సివిల్ సర్వీసు పరీక్షల ద్వారా రాష్ట్ర పన్నుల కమిషన్ నియమించింది. ఎవరికెంత జీతం ఇచ్చారో యజమానులే కమిషన్‌కు తెలపాలని చట్టం చెప్పింది. దాంతో ఆదాయం దాచడం కష్టమైంది. వసూలైన దానిలో 70 శాతం ఊళ్లకూ పట్టణాలకూ, 20 శాతం కౌంటీలకూ పోయేది. రాష్ట్రం ఉంచుకున్నది 10 శాతమే. స్థానిక నాయకులు ఎదురు తిరగకపోవడానికి ఈ పంపకం చాలావరకు కారణం. పరిశ్రమలు పొరుగు రాష్ట్రాలకు వెళ్లిపోతాయని తయారీదారులు హెచ్చరించారు. ఆ వాదన నూరేళ్లు దాటినా నేటికీ ప్రతి రాష్ట్ర శాసనసభలో అదే మాటలతో వినిపిస్తూనే ఉంది. 1912లో రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. ఫెడరల్ ఆదాయపు పన్నుకు దారి తీసిన 16వ రాజ్యాంగ సవరణ 1913లో గాని రాలేదు. కాబట్టి ఈ విషయంలో రాష్ట్రమే దేశం కంటే ముందు నడిచింది.

తర్వాత మిసిసిపీ 1912లో, మసాచుసెట్స్ 1916లో, న్యూయార్క్ 1919లో ఈ దారి పట్టాయి. న్యూయార్క్‌ను తొందరపెట్టిన వాటిలో మద్యనిషేధం ఒకటి. మద్యం లైసెన్సుల ఆదాయం పోతున్నప్పుడు ఆ లోటు పూడ్చుకోక తప్పలేదు. దీనితో కొత్త చిక్కు వచ్చింది. ఒక రాష్ట్రంలో ఇల్లు, మరో రాష్ట్రంలో కొలువు ఉన్న మనిషి ఎవరికి కట్టాలి? అమెరికా సుప్రీంకోర్టు 1920 మార్చి 1న ఒకేరోజు రెండు తీర్పులు ఇచ్చింది. షాఫర్ కేసులో, తన గడ్డ మీద వచ్చిన ఆదాయానికి బయటివారి నుంచి కూడా రాష్ట్రం పన్ను తీసుకోవచ్చని చెప్పింది. ట్రావిస్ కేసులో, అలా తీసుకునేటప్పుడు సొంత నివాసులకిచ్చే మినహాయింపులను బయటివారికి నిరాకరించరాదని న్యూయార్క్‌ను తప్పుపట్టింది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కాపురం ఉండి మన్‌హాటన్‌లో పనిచేసే తెలుగు ఉద్యోగి నేడు ముందు న్యూయార్క్‌కు పన్ను కట్టి, ఆ మేరకు న్యూజెర్సీలో తగ్గింపు పొందడం ఈ తీర్పుల మీద నిలిచిన ఏర్పాటే. రెండు రాష్ట్రాల రేట్లలో ఏది ఎక్కువైతే చివరికి అంత భారం అతనిపై పడుతుంది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల మధ్య మాత్రం ఒప్పందం ఉంది. అక్కడ జీతం మీద పన్ను నివాసమున్న రాష్ట్రానికే.

1930ల ఆర్థిక మాంద్యం పన్నుల పటాన్ని తిరగరాసింది. పొలాల ధరలు పడిపోయాయి, ఆస్తి పన్ను బకాయిలు పెరిగాయి, రాష్ట్రాలను సాయం అడిగే పేదల సంఖ్య పెరిగిపోయింది. రాష్ట్రాలకు రెండు దారులు కనిపించాయి: అమ్మకం పన్ను, ఆదాయపు పన్ను. కొన్ని రెండింటినీ పట్టుకున్నాయి. కాలిఫోర్నియా 1935లో ఆదాయపు పన్ను తెచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రానిది విచిత్రమైన కథ. 1932లో అక్కడి ఓటర్లు దాదాపు 70 శాతం మెజారిటీతో ఆదాయపు పన్నును కోరుకున్నారు. మరుసటి ఏడాది రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో దాన్ని కొట్టేసింది. ఆదాయం కూడా ఆస్తేనని, ఆస్తి పన్ను అందరికీ ఒకే రేటున ఉండాలని రాజ్యాంగం చెబుతోందని మెజారిటీ న్యాయమూర్తుల వాదన. రాష్ట్రం అమ్మకం పన్ను మీద ఆధారపడక తప్పలేదు. తర్వాతి దశాబ్దాల్లో అడిగిన ప్రతిసారీ ఓటర్లే వద్దన్నారు. నేడు సియాటిల్ చుట్టూ ఉన్న పెద్ద కంపెనీల ఉద్యోగులు రాష్ట్ర పన్ను లేని జీతం అందుకుంటున్నారంటే, దానికి మూలం 1933లో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలవడం. ఫ్లోరిడా మాత్రం తెలిసే ఎంచుకుంది. భూముల బేరాలు ఊపు మీదున్న 1924లో, ఉత్తరాది ధనవంతులను రప్పించడానికి ఆదాయపు పన్నునూ వారసత్వ పన్నునూ నిషేధిస్తూ రాజ్యాంగ సవరణ చేసింది.

అప్పటిదాకా కార్మికుడి చేతికి అతని కూలి చాలావరకు కోతలేకుండా వచ్చేది. 1937 జనవరిలో సోషల్ సెక్యూరిటీ (వృద్ధాప్య పింఛను పథకం) కింద 1 శాతం కోత మొదలైంది. అసలు మార్పు యుద్ధంతో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ ఖర్చు కోసం ఫెడరల్ ఆదాయపు పన్నును కోట్లాదిమందికి విస్తరించాక, ఏడాది చివర ఒక్కసారిగా కట్టమంటే వాళ్లు కట్టలేరని తేలింది. మేసీస్ దుకాణాల సంస్థ ఖజానా బాధ్యతలు చూసి, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు బోర్డు ఛైర్మన్‌గా ఉన్న బియర్డ్‌స్లీ రమల్ జీతం ఇచ్చేచోటే పన్ను కోయాలని ప్రచారం చేశాడు. 1943లో ఆ పద్ధతి చట్టమైంది. రాష్ట్రాల్లో మొదట 1948లో ఓరెగాన్ అనుసరించింది. కాలిఫోర్నియాలో గవర్నర్ రొనాల్డ్ రేగన్ ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. పన్ను కడుతుంటే నొప్పి తెలియాలని, నొప్పి తెలియకపోతే ప్రభుత్వాలు రేట్లు పెంచుతూ పోతాయని ఆయన వాదన. చివరకు ఖజానాలో డబ్బు నిండుకునే స్థితి వచ్చి దిగొచ్చాడు. 1972 నుంచి అక్కడా జీతంలోనే కోత. రేగన్ భయం పూర్తిగా నిరాధారమైనది కాదు. ఆదాయపు పన్ను రాష్ట్రాలకు పెద్ద వనరుగా ఎదిగింది ఈ కోత స్థిరపడిన తర్వాతే.

1960ల చివర నుంచి ఆదాయపు పన్నును తెచ్చిన రాష్ట్రాల్లో కొన్నిటికి కారణం బడులు. అమెరికాలో ప్రభుత్వ పాఠశాలలు ప్రధానంగా స్థానిక ఆస్తి పన్నుతో నడుస్తాయి. ధనిక పట్టణంలో తక్కువ రేటుకే మంచి బడి, పేద పట్టణంలో ఎక్కువ రేటు కట్టినా నాసిరకం బడి. ఇది ఫెడరల్ రాజ్యాంగానికి విరుద్ధం కాదని 1973 మార్చి 21న అమెరికా సుప్రీంకోర్టు శాన్ ఆంటోనియోకు చెందిన రోడ్రీగెజ్ కేసులో తీర్పిచ్చింది. పదమూడు రోజుల తర్వాత న్యూజెర్సీ సుప్రీంకోర్టు తమ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం అది చెల్లదని చెప్పింది. అది రాబిన్సన్ కేసు.

న్యూజెర్సీకి అప్పటికి సాధారణ ఆదాయపు పన్ను లేదు. 1966లో తెచ్చిన అమ్మకం పన్నుకే సర్దుకోలేక గొణుక్కుంటున్న రాష్ట్రం అది. గవర్నర్ బ్రెండన్ బర్న్ ఆదాయపు పన్ను ప్రతిపాదిస్తే శాసనసభ మళ్లీ మళ్లీ తోసిపుచ్చింది. కోర్టు విసిగిపోయి, నిధుల చట్టం రాకపోతే 1976 జులై 1 నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నీ మూసేయాలని ఆదేశించింది. బడులు నిజంగానే మూతపడ్డాయి. వేసవి సెలవులు కాబట్టి పెద్దగా నష్టం జరగలేదు గాని, శాసనసభ్యులకు చెమటలు పట్టాయి. జులై 8న ఆదాయపు పన్ను చట్టంపై బర్న్ సంతకం చేశాడు. రేట్లు 2, 2.5 శాతం. వచ్చే సొమ్మంతా ఆస్తి పన్ను భారం తగ్గించడానికే వాడాలని ఓటర్లు అదే ఏడాది నవంబరులో రాజ్యాంగంలో రాసుకున్నారు. బర్న్ పని అయిపోయిందన్నవాళ్లు 1977లో ఆయన మళ్లీ గెలవడం చూశారు. ఆస్తి పన్ను మాత్రం తగ్గింది కొన్నాళ్లే. నేడు ఆదాయపు పన్ను పై రేటు 10.75 శాతం; ఇంటి యజమాని సగటు ఆస్తి పన్ను బిల్లు 2024లో 10,000 డాలర్లు దాటింది. ఒకటి వస్తే మరొకటి పోతుందన్న ఆశ ఇక్కడ ఫలించలేదు.

ఇలినాయ్ 1969లో, పెన్సిల్వేనియా 1971లో ఆదాయపు పన్ను తెచ్చాయి. ఇలినాయ్‌లో దాన్ని తెచ్చిన గవర్నర్ రిచర్డ్ ఓగిల్వీ తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. కనెక్టికట్ 1971లో చట్టం చేసి, అమలయ్యే లోపే వారాల వ్యవధిలో రద్దు చేసుకుంది. చివరకు 1991లో గవర్నర్ లోవెల్ వైకర్ 4.5 శాతం పన్ను తెచ్చినప్పుడు రాజధాని హార్ట్‌ఫర్డ్‌లో వేలాదిమంది నిరసనకు దిగారు. ఆ తర్వాత కొత్తగా జీతాల మీద పన్ను మొదలుపెట్టే ధైర్యం రాష్ట్రాలకు చాలాకాలం రాలేదు.

వ్యతిరేక దిశలో సాగిన కథల్లో టెక్సాస్‌ది ముఖ్యం. 1901లో స్పిండిల్‌టాప్ బావి పొంగినప్పటి నుంచి చమురు మీద పన్ను ఆ రాష్ట్రానికి అండ. 1961లో అమ్మకం పన్ను జతచేరింది. చమురు ధరలు పడి, బడుల నిధుల కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు 1989లో అక్షింతలు వేశాక, 1991లో లెఫ్టినెంట్ గవర్నర్ బాబ్ బుల్లక్ ఆదాయపు పన్ను తప్పదన్నాడు. దుమారం చూసి వెనక్కి తగ్గాడు. అంతటితో ఆగలేదు. ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా ఆదాయపు పన్ను వేయరాదన్న సవరణకు 1993లో ఆయనే సూత్రధారి అయ్యాడు. 2019లో ఓటర్లు ఆ తలుపు కూడా మూసి, వ్యక్తుల ఆదాయపు పన్నును రాజ్యాంగంలోనే నిషేధించారు. అలాస్కా 1977లో పైప్‌లైన్ ద్వారా చమురు పారడం మొదలయ్యాక 1980లో ఆదాయపు పన్ను ఎత్తేసి, 1982 నుంచి నివాసులకే ఏటా సొమ్ము పంచుతోంది. కాలిఫోర్నియాలో 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 13 ఆస్తి పన్నును కొన్న ధరలో 1 శాతానికి కట్టేసి, మదింపు విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకుండా చేసింది. పాత యజమానులకు అది వరం. ఆ తర్వాత రాష్ట్ర ఖజానా బరువు ఆదాయపు పన్ను మీదికి మరింతగా ఒరిగింది. 2012లో పై రేటు 13.3 శాతానికి చేరింది.

పన్ను కోత పోగా చేతికొచ్చిన డాలరు ఎంత కొంటుందన్నది వేరే లెక్క, దానికీ పాత చరిత్రే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడల తయారీ కేంద్రాల్లో కూలి తగాదాలు తీర్చడానికి ఫెడరల్ కార్మిక గణాంకాల బ్యూరో కుటుంబ ఖర్చుల సర్వే చేసింది. 1947లో నగర కార్మికుడి కుటుంబ బడ్జెట్ పేరుతో 34 నగరాలను పోల్చింది. నలుగురున్న కుటుంబం మితంగా బతకడానికి న్యూ ఆర్లీన్స్‌లో ఏడాదికి 3,004 డాలర్లు చాలేవి, వాషింగ్టన్ డీసీలో 3,458 కావలసి వచ్చేవి. అంటే ఖరీదైన నగరానికీ చవకైన నగరానికీ తేడా 15 శాతం. ఈ కుటుంబ బడ్జెట్ల ప్రచురణ 1980ల మొదట్లో ఖర్చు తగ్గింపులో పోయింది. ప్రస్తుతం ఆర్థిక విశ్లేషణ బ్యూరో రాష్ట్రాలవారీ ధరల సూచీ ఇస్తోంది. దేశ సగటు 100 అయితే ఇటీవలి ఏళ్లలో కాలిఫోర్నియా దాదాపు 112, న్యూజెర్సీ 109, టెక్సాస్ 97. ఈ ఎడానికి బియ్యం, పప్పుల ధరలు కారణం కావు, అవి ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. ఇళ్ల ధరలే కారణం. కాలిఫోర్నియా తీర నగరాలు 1970ల నుంచి కొత్త కట్టడాలకు అనుమతులు బిగించాయి. డాలస్ చుట్టూ మైదానం, అక్కడ అడ్డు చెప్పేవాడు లేడు.

2024 రేట్లతో ఒక లెక్క చూడవచ్చు. పెళ్లికాని ఉద్యోగి జీతం 1,20,000 డాలర్లు అనుకుంటే, ఫెడరల్ ఆదాయపు పన్ను, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) కలిపి దాదాపు 27,500 పోతాయి. టెక్సాస్‌లో మిగిలేది 92,500. న్యూజెర్సీ తన వంతుగా సుమారు 5,450 తీసుకుంటే 87,000 మిగులుతుంది. కాలిఫోర్నియాలో ఆదాయపు పన్ను సుమారు 7,000, వైకల్య బీమా 1,320 పోగా దాదాపు 84,100. ఇప్పుడు ధరల సూచీతో భాగిస్తే టెక్సాస్ జీతం 95,000కి, న్యూజెర్సీది 80,000కి, కాలిఫోర్నియాది 75,000కి సమానం. పన్నులో తేడా 8,400 ఉంటే, ధరలతో కలిసి అది 20,000 అయింది. రాష్ట్ర పన్ను గురించి జరిగే చర్చల్లో అద్దెకు దక్కాల్సిన చోటు దక్కడం లేదనడానికి ఈ అంకెలు చాలు. మరోవైపు, టెక్సాస్‌లో 5,00,000 డాలర్ల ఇల్లు కొన్నవాడు 2 శాతం ఆస్తి పన్ను పడే ఊళ్లో ఏటా 10,000 కట్టాలి. కాలిఫోర్నియా పై ఉద్యోగి జీతంలోంచి తీసుకునే దానికంటే అది ఎక్కువ. అద్దె ఇంట్లో ఉన్నా ఆ పన్ను అద్దెలో కలిసే వస్తుంది.

పైగా కొలువులిచ్చేవాళ్లు ఒకే జీతం అన్నిచోట్లా ఇవ్వరు. 1990 చట్టంతో రూపుదిద్దుకున్న హెచ్-1బి వీసాలో స్థానిక జీతాల స్థాయిని బట్టి కనీస వేతనం ఉండాలన్న నిబంధన ఉంది. కాబట్టి కాలిఫోర్నియాలోని బే ఏరియాలో అదే పనికి అంకె పెద్దదిగానే ఉంటుంది. తెలుగువారి వలసలో ఈ లెక్కల జాడ కనబడుతుంది. మొదటి తరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు న్యూజెర్సీలోని ఎడిసన్, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్, సన్నీవేల్ చుట్టూ స్థిరపడితే, తర్వాత వచ్చినవారిలో చాలామంది డాలస్ శివార్లయిన ప్లానో, ఫ్రిస్కో, ఇర్వింగ్‌లకు చేరారు. కంపెనీలూ అటే కదిలాయి. 2014లో ప్రకటించి 2017లో టొయోటా తన అమెరికా ప్రధాన కార్యాలయాన్ని కాలిఫోర్నియాలోని టోరెన్స్ నుంచి ప్లానోకు మార్చింది. ఇద్దరు సంపాదించే సాఫ్ట్‌వేర్ కుటుంబానికి ఆదాయపు పన్ను లేని రాష్ట్రం లాభమే. తక్కువ కూలికి పనిచేసే మనిషికి మాత్రం కాదు. అతని సంపాదన చాలావరకు కొనుగోళ్లకే పోతుంది, టెక్సాస్ పట్టణాల్లో కొన్న చాలా వస్తువుల మీద 8 శాతానికి పైగా అమ్మకం పన్ను పడుతుంది. కాలిఫోర్నియాలో అలాంటి మనిషి ఆదాయపు పన్ను దాదాపు కట్టడు.

రాష్ట్రాల పన్నులకు ఫెడరల్ చట్టం 1913 నుంచీ ఒక మెత్తని దిండు వేసి ఉంచింది. రాష్ట్రానికి కట్టిన పన్నును ఫెడరల్ లెక్కలో ఆదాయంలోంచి తీసివేసుకోవచ్చు. 2017 చట్టం ఆ మినహాయింపును 10,000 డాలర్ల దగ్గర ఆపింది. ఆస్తి పన్నుకే ఆ మొత్తం అయిపోయే న్యూజెర్సీ, న్యూయార్క్ శివారు కుటుంబాలకు ఇది గట్టిగానే తగిలింది. 2025లో ఆ పరిమితిని 40,000కు పెంచి, బాగా ఎక్కువ సంపాదించేవారికి తగ్గించారు.

పటం ఇంకా మారుతూనే ఉంది. టెనెసీ 1929 నుంచి వడ్డీలు, డివిడెండ్ల మీద వేస్తున్న పన్నును 2021 జనవరితో, న్యూ హాంప్‌షైర్ 1923 నాటి అలాంటి పన్నునే 2025 జనవరితో ముగించాయి. వాషింగ్టన్ 2021లో పెద్ద మూలధన లాభాల మీద 7 శాతం పన్ను తెచ్చింది. అది ఆదాయపు పన్ను కాదు, లావాదేవీ పన్ను అంటూ రాష్ట్ర సుప్రీంకోర్టు 2023లో అంగీకరించింది. విస్కాన్సిన్ వెనుకే 1912లో ఆదాయపు పన్ను మొదలుపెట్టిన మిసిసిపీ దాన్ని దశలవారీగా ఎత్తేయడానికి 2025లో చట్టం చేసింది. అదే చట్టం కిరాణా సరుకుల మీద అమ్మకం పన్నును 7 నుంచి 5 శాతానికి తగ్గించి, పెట్రోలు మీద పన్ను పెంచింది.